మన ఏరియాను ఫొటోల్లో దాచుకోవడం ఎలా? చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అనుభవంతో తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, ముషీరాబాద్ చుట్టుపక్కల మేం కొంతమందిమి రోజూ నడిచే దారుల్నే ఫొటోలు తీసి దాస్తున్నాం. కెమెరా పట్టుకుని నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఆగి ఏదో ఒకటి అడుగుతారు. తమ ఏరియాలో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు కూడా దాదాపు అవే అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం.

చార్మినార్, గోల్కొండ ఉండగా చిక్కడపల్లి ఫొటోలు ఎవరికి కావాలి?

చార్మినార్‌ను రాజా దీన్‌దయాళ్ కాలం నుంచీ తీస్తూనే ఉన్నారు. ఆరో నిజాం కొలువులో ఆయన తీసిన భవనాలు, దర్బార్లు, దేవిడీలు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. మీరు తీయకపోయినా చార్మినార్‌కు లోటేమీ రాదు. మీ గల్లీ మూలమీది ఇస్త్రీ బండిని మాత్రం మీరు తీయకపోతే ఎవరూ తీయరు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంగతే చూడండి. సినిమా విడుదలైన రోజు అక్కడ తీసినన్ని ఫొటోలు ఊళ్ళో ఇంకెక్కడా తీసి ఉండరు. సుదర్శన్ 70 ఎంఎం, ఓడియన్ థియేటర్ల పాత భవనాలు ఇప్పుడు లేవు. వాటి ఫొటోలు కావాలని వెతికితే దొరికేవి కటౌట్లు, పూలదండలు, పాలాభిషేకాలు. భవనమంతా హీరో కటౌట్ వెనకే ఉండిపోయింది. టికెట్ కౌంటర్ దగ్గర లైను కోసం వేసిన ఇనుప కమ్మీలు, సైకిల్ స్టాండు, గోడమీద చేత్తో రాసిన ఆటల వేళలు, ఇంటర్వెల్లో సమోసాలు అమ్మే కిటికీ, ఇవేవీ కనబడవు. వేలమంది రోజూ చూసినవే అవి. ఎప్పుడూ ఉంటాయిలే అనుకున్నారు కాబట్టి ఎవరూ తీయలేదు.

ఏ చోట్లతో మొదలుపెట్టాలి?

జనం అడ్రసు చెప్పేటప్పుడు వాడుకునే గుర్తులతో మొదలుపెట్టండి. ‘గాంధీ దవాఖాన దాటినంక’, ‘సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎదురు సందు’, ‘గానసభ పక్కన’, ‘బస్ భవన్ కాడ దిగు’ అంటారు కదా, ఆ ఏరియాకు అసలైన మ్యాపు అదే. ఈ గుర్తులు కూడా మారిపోతుంటాయి. ముషీరాబాద్ జైలు ఉన్నచోట ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న ఆసుపత్రి 2003లో అక్కడికి వచ్చింది. మెట్రో వచ్చాక దుకాణాలవాళ్ళు బోర్డుమీద పిల్లర్ నంబరు కూడా రాయిస్తున్నారు. నిన్న మొన్నటిదాకా లేని స్తంభం ఇవాళ అడ్రసైంది. దాన్నీ తీయండి.

ఆ తర్వాత త్వరలో పోయేలా ఉన్నవాటిని తీయండి. రోడ్డువైపు అరుగున్న పాత ఇల్లు, చేత్తో రాసిన బోర్డు, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్, మూలమీది ఇరానీ హోటల్, ఎస్టీడీ బూతు డబ్బాలో నడుస్తున్న జెరాక్స్ షాపు. ఇంటిముందు నీలిరంగు రేకులు లేచాయంటే ఇక ఆలస్యం చేయొద్దు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లలున్న హాస్టళ్ళు, రీడింగ్ రూములు, కరెంట్ అఫైర్స్ నోట్సు కట్టలు పేర్చిన బండ్లు ఇవాళ మామూలు దృశ్యం. పరీక్షల పద్ధతి మారినా, కోచింగ్ మొత్తం ఫోన్లోకి వెళ్ళిపోయినా ఆ వీధి రూపమే మారిపోతుంది. పాతదైతేనే తీయాలన్న నియమమేమీ లేదు.

మంచి కెమెరా కావాలా?

అక్కర్లేదు. ఫోన్ చాలు. వైడ్ బటన్ మాత్రం నొక్కకండి. మొత్తం పడుతుందన్న ఆశతో అందరూ దాన్నే వాడతారు. అందులో అంచుల్లోని భవనాలు సాగిపోతాయి, బోర్డుమీది అక్షరాలు చదవలేనంత చిన్నవైపోతాయి. మామూలు కెమెరాతోనే నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తీయండి. వెనక్కి జాగా లేకపోతే రెండు మూడు ముక్కలుగా తీయండి. ఫోన్‌ను పైకి ఎత్తిపట్టి తీస్తే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి కాబట్టి దాన్ని నిటారుగా పట్టుకోండి. ఆకాశం తగ్గి రోడ్డు ఎక్కువ పడినా ఫరవాలేదు. మ్యాన్‌హోల్ మూతలూ డివైడర్లూ ఉండేది ఆ రోడ్డుమీదే. ఫిల్టర్లు వద్దు. గోడకు వేసిన సున్నం రంగు ఎలా ఉందో అలాగే రావాలి.

అదే చోటు నుంచి మళ్ళీ మళ్ళీ తీయడం ఎలా? గుర్తెలా పెట్టుకోవాలి?

ఈ పని మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. కొత్తదాన్ని తీసినంత సులువుగా పాత ఫొటోకు జోడీ తీయలేం.

జీపీఎస్‌ను నమ్ముకుంటే కుదరదు. ఇరుకు సందుల్లో, మెట్రో గడ్డర్ల కింద అది రోడ్డుకు అటువైపు చూపించినా చూపిస్తుంది. దానికంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. పాత ఫొటోలో ఒకటి దగ్గరగా, ఇంకొకటి దూరంగా ఉన్న రెండు వస్తువులు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఉదాహరణకు, దగ్గరున్న కరెంటు స్తంభం అంచు వెనకాల భవనం మూడో కిటికీ ఎడమ అంచుకు సరిగ్గా ఆనుకుని ఉందనుకోండి. మీరు ఒక్క అడుగు కుడికి జరిగితే ఆ రెండూ విడిపోతాయి, ఎడమకు జరిగితే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అలాంటి జత ఫొటోకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి దొరికితే మీరు నిలబడాల్సిన చోటు దానంతటదే తేలిపోతుంది. ఇక మిగిలింది ఎత్తు. పాత ఫొటోలో మనుషుల తలలకు పైన ఎంత కనబడుతోందో చూస్తే, తీసినాయన నేలమీద నిలబడ్డాడా మేడమీదా అన్నది అర్థమవుతుంది.

ఎప్పటికీ కదలవనుకున్న గుర్తులు కూడా పోతుంటాయి. అందుకే ప్రతి చోటా మూడు నాలుగు గుర్తులు రాసి పెట్టుకోవాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇది బాగా తెలిసొస్తుంది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. దానికీ పైనుంచి ఇందిరాపార్కు – వీఎస్‌టీ స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టు 19న తెరిచారు. నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన బ్రిడ్జి అదే. ఒకప్పుడు చౌరస్తాలో నిలబడితే నాలుగు వైపులా ఆకాశం కనబడేది. ఇప్పుడు అదే చోట తలెత్తితే మెట్రో, దానిమీద బ్రిడ్జి. పాత ఫొటో తీసిన చోట నిలబడితే పిల్లర్ అడ్డం వస్తుంది. అలాంటప్పుడు అడ్డమొచ్చిన పిల్లర్‌తో సహా ఒకటి తీయండి. పక్కకు జరిగి ఇంకొకటి తీసి, ఎటువైపు ఎన్ని అడుగులు జరిగారో రాయండి. నా ఉద్దేశంలో మొదటిదే విలువైనది. వీధికి ఏం జరిగిందో చెప్పేది అదే.

ఏ వేళలో తీస్తే బాగుంటుంది?

దుకాణం ముఖాన్ని బట్టి ఉంటుంది. తూర్పుముఖం దుకాణాన్ని పొద్దున, పడమరముఖం దుకాణాన్ని సాయంత్రం తీయాలని అందరికీ తెలుసు. ఉత్తరముఖం ఇళ్ళే ఇబ్బంది. చలికాలమంతా వాటి ముఖం నీడలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. పొద్దున్నే, సాయంత్రం అయితే మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఆ గోడలమీద ఎండ ఏటవాలుగా పడుతుంది. ఎండాకాలం పొద్దున ఏడింటికి ఉత్తరపు గోడమీది రాతలు చదవగలిగినంత బాగా మరెప్పుడూ చదవలేం. మబ్బుపట్టిన రోజైతే ఏ దిక్కైనా ఒకటే. బోర్డులు తీయడానికి నేను ముసురు రోజులనే ఎంచుకుంటాను.

షట్టర్లు మూసి ఉన్నప్పుడు ఒకసారి, తెరిచాక ఒకసారి తీయండి. ఆదివారం పొద్దున వీధి ఆకారం కనబడుతుంది, సోమవారం సాయంత్రం వీధి బతుకు కనబడుతుంది.

దుకాణాలవాళ్ళు కోప్పడరా?

కోపం కంటే అనుమానమే ఎక్కువ. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ‘ఏం సార్, జీహెచ్‌ఎంసీ నుంచి వచ్చిన్రా?’ రోడ్డు వెడల్పు చేస్తారేమో, బోర్డుకు జరిమానా వేస్తారేమో అన్నది వాళ్ళ భయం. అది ఉత్తి భయమేమీ కాదు. అందుకే కెమెరా తీయకముందే పలకరించండి. ‘లేదన్నా, మాది ఈడనే, పక్క గల్లీ. పాత దుకాణాల ఫొటోలు తీసి పెడుతున్నం. ఒకటి తీస్కోనా?’ అంటే చాలామంది ఒప్పుకుంటారు. ‘ఆగు, నాయిన ఫొటో కూడా పడాలె’ అని లోపలి నుంచి దండేసిన పటం తెచ్చి గల్లామీద పెట్టి నిలబడిన పెద్దాయన ఉన్నారు. వద్దంటే వద్దు. వాదించకండి, దూరం నుంచి జూమ్ పెట్టి తీయకండి.

వీధి మొత్తాన్ని తీసేటప్పుడు మనుషులు పడటం సహజం. ఒక్క మనిషి ముఖమే ఫొటోకు ప్రధానమైతే మాత్రం అడిగి తీరాలి. పిల్లలైతే వాళ్ళ పెద్దల్ని అడగాలి. నల్లా దగ్గర, రేషన్ షాపు లైన్లో, ఆసుపత్రి మెట్లమీద ఉన్నవాళ్ళు అవస్థలో ఉంటారు, వాళ్ళ ముఖాలు తీయొద్దు. ప్రింటు ఇస్తానని మాట ఇచ్చారా, ఇచ్చేయండి. ఇంకోసారి ఆ గల్లీలో అడుగుపెట్టాలంటే ఆ ఒక్క ప్రింటే మీకు పాస్‌పోర్టు.

పోలీసులు ఆపితే? ఎక్కడెక్కడ తీయకూడదు?

రోడ్డుమీద నిలబడి వీధిని, భవనాన్ని తీయడాన్ని తప్పుపట్టే చట్టం సాధారణంగా లేదు. సైన్యానికి చెందిన చోట్ల సంగతి వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు వెళ్తే ఆర్మీ గోడలు, గేట్ల దగ్గర కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదైనా ఇప్పటికీ అమల్లోనే ఉంది. రైల్వే స్టేషన్లో, మెట్రో స్టేషన్ లోపల తీయాలంటే అక్కడి అధికారిని అడిగి తీయండి. చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో చేతిలో పట్టుకుని తీసుకోవచ్చు, ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందు చూడాలి. బేగంపేట విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది, పైగా మన గల్లీల్లో తీగలే తీగలు. నన్నడిగితే డ్రోన్ ఆలోచన మానుకోండి. నాలుగంతస్తుల డాబామీదికి వెళ్ళనిచ్చే ఇంటివాళ్ళు దొరికితే అంతకంటే మంచి ఫొటో వస్తుంది.

ఫొటోతో పాటు ఏం రాయాలి?

తేదీ, ఎక్కడ నిలబడ్డారు, ఎటువైపు చూస్తున్నారు, ఏం కనబడుతోంది, ఎవరు చెప్పారు. ఇవి లేని ఫొటో ఇంకో ఇరవై ఏళ్ళకు ‘ఏదో పాత వీధి’ అయిపోతుంది.

ఒక ఉదాహరణ: ‘సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు, చిక్కడపల్లి. రోడ్డు అవతలి ఫుట్‌పాత్ నుంచి. పొద్దున ఎనిమిది. గేటు తెరవకముందే లైన్లో బ్యాగులు పెట్టి పక్కన టీ తాగుతున్న పిల్లలు. గోడమీద పోటీపరీక్షల టెస్ట్ సిరీస్ పోస్టర్లు.’ ఇందులో ‘అందమైన’, ‘అద్భుతమైన’ లాంటి మాట ఒక్కటీ లేదు, చూడండి. ఇంటి నంబరు కనబడితే అదీ రాసుకోండి. వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు ముక్కలుగా ఉండే మన పాత ఇంటి నంబర్లు రోడ్ల పేర్లు మారినా చాలాకాలం నిలుస్తాయి. ఆ వీధివాళ్ళు పిలిచే పేరు, కార్పొరేషన్ బోర్డుమీది పేరు వేరువేరైతే రెండూ రాయండి.

ఇంట్లో ఒక పాత ఫొటో దొరికింది. ఏ ఏడాదిదో ఎలా చెప్పాలి?

నాకు బాగా ఇష్టమైన పని ఇది. ఫొటోలో కనబడే ప్రతి వస్తువూ ‘ఇంతకుముందు కాదు’ అనో ‘ఈ తర్వాత కాదు’ అనో ఒక హద్దు చెబుతుంది. ఆ హద్దుల్ని దగ్గరికి చేర్చుకుంటూ రావాలి.

ముందు బండ్ల నంబరు ప్లేట్లు చూడండి. టీఎస్ అని ఉంటే 2014 జూన్ తర్వాతిది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతిది. ఏపీ అని ఉన్నంత మాత్రాన పాతదని చెప్పలేం, ఆ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఫొటోలో అన్నిటికంటే కొత్త వస్తువు ఏదో దాన్నే పట్టుకోవాలి. బస్సుమీద టీజీఎస్ ఆర్టీసీ అని ఉంటే 2024, లేదా ఆ తర్వాత. గల్లామీద క్యూఆర్ స్టిక్కర్ ఉంటే 2016కు ముందుది అయ్యే అవకాశం చాలా తక్కువ. బిల్లుమీదో బోర్డుమీదో జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులై తర్వాతిది. ల్యాండ్‌లైన్ నంబరు ఏడంకెలే ఉంటే బోర్డు పాతదే. ముందు 2 చేరి ఎనిమిదంకెలైంది 2000 తర్వాత. బోర్డు పాతదైనంత మాత్రాన ఫొటో పాతది కానక్కర్లేదని మాత్రం మర్చిపోకండి. ఏడంకెల బోర్డు కింద క్యూఆర్ స్టిక్కర్ ఉన్న కిరాణా కొట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఫొటో అయితే మీ పంట పండినట్టే. గోడమీద సినిమా పోస్టరు ఉండకుండా ఉండదు. సినిమా విడుదల తేదీ దొరికితే ఫొటో తీసిన వారం దాకా వెళ్ళొచ్చు. ‘50వ రోజు’ అని చీటీ అతికించి ఉంటే లెక్క ఇంకా తేలిక.

ఇంకా వెనక్కి వెళ్ళాలంటే మ్యాపులున్నాయి. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని గల్లీ గల్లీనా సర్వే చేశారు. ఆ మున్సిపల్ మ్యాపుల్ని ఇవాళ్టి మ్యాపు పక్కన పెట్టుకుంటే ఏ వంపు పాత దారిదో, ఏది తర్వాత వేసిన రోడ్డో కనిపెట్టొచ్చు. ఇటీవలి కాలానికైతే గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. స్ట్రీట్ వ్యూ మన నగరానికి 2022 జులైలోనే వచ్చింది, దానికి చాలా ముందటి వీధులు అందులో దొరకవు.

మా ఆల్బమ్‌లో అన్నీ పెళ్ళి ఫొటోలే. పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి. పెళ్ళికొడుకు వెనకాల చూడండి. ఊరేగింపు ఫొటోల్లో వీధి మొత్తం పడి ఉంటుంది. కొత్త స్కూటర్ కొన్నరోజు ఇంటిముందు తీసినవి, వినాయక చవితి మండపం ముందు తీసినవి, స్కూలు యూనిఫాంలో గేటు దగ్గర నిలబెట్టి తీసినవి, అన్నీ పనికొచ్చేవే. జిగురు పేజీల ఆల్బమ్ అయితే ఫొటోను పీకకండి, చిరిగిపోతుంది. ప్లాస్టిక్ పొర మాత్రం మెల్లగా ఎత్తి, పేజీ పేజీనీ అలాగే స్కాన్ చేయండి. పోస్టుకార్డు సైజు ప్రింటుకు 600 డీపీఐ చాలు. వెనకవైపు స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత ఉంటే దాన్నీ స్కాన్ చేయండి. నెగెటివ్‌లు పారేయకండి, ప్రింటుకంటే వాటిలోనే ఎక్కువ వివరం ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి.

ఎదురింటిని రేపు కూల్చేస్తారట. ఇవాళే ఏం తీయాలి?

ముందు ఇంటివాళ్ళను అడగండి. ఒప్పుకుంటే బయట నాలుగు మూలల నుంచి తీసి, తర్వాత గేటు నుంచి లోపలికి నడిచినట్టే వరసగా తీయండి. గడప, వసారా, నట్టిల్లు, మెట్లు, వంటగది, పెరడు, బావి ఉంటే బావి. గదికి రెండు ఎదురెదురు మూలల నుంచి రెండు ఫొటోలు తీస్తే గది ఆకారం వచ్చేస్తుంది. ఆ తర్వాత దగ్గర నుంచి: తలుపు గొళ్ళెం, కిటికీ ఊచలు, నేలమీది టైళ్ళ ముగ్గు, గోడలో దీపపు గూడు, పిల్లల ఎత్తు కొలిచి గీసిన గీతలు. కొలతకు గుర్తుగా ఒకటి రెండు ఫొటోల్లో స్కేలు పెట్టండి. కూల్చేటప్పుడు మాత్రం రేకుల బయటే ఉండండి.

ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా?

చాలదు. వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది, తేదీ, చోటు లాంటి వివరాలు అందులో నిలవవు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైళ్ళను రెండు వేర్వేరు డిస్కుల్లో, మరొకటి వేరే ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉంచండి. ఫైలుపేరు తేదీతో మొదలైతే అవే వరసలో కూర్చుంటాయి.

నలుగురికీ కనబడేలా పెట్టొచ్చా? హక్కులు ఎవరివి?

సాధారణంగా ఫొటో తీసినవారిదే హక్కు. భవనాన్ని, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఫొటో తీసి ప్రచురించడం కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. గోడమీది బొమ్మలు, సినిమా పోస్టర్లకు ఆ మినహాయింపు లేదు. వీధిలో భాగంగా పడితే పేచీ లేదు, పోస్టరొక్కటే నిండుగా తీసి పెడితే వేరే సంగతి. తెలుగు వికీపీడియాలో మన ఏరియాల వ్యాసాలు చాలావాటికి సరైన బొమ్మల్లేవు. వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, మీ పేరు చెప్పి వాడుకోవాలి.

మేం అమెరికాలో ఉంటాం. ఏమైనా చేయగలమా?

చేయగలరు. వెళ్ళేముందు తీసిన ఫొటోలు మీ పెట్టెల్లోనే ఉన్నాయి. నగరం మారిపోయిన ఇరవై ముప్ఫై ఏళ్ళూ వాటికి చేయి తగల్లేదు. స్కాన్ చేసి, గుర్తున్నంతవరకు రాసి పంపండి. ‘మా ఇల్లు ఇంకా ఉందా, ఒక ఫొటో తీసి పంపరా’ అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పకుండా వెళ్ళి తీస్తాం. ఇల్లు లేకపోతే అక్కడ ఇప్పుడేముందో అదే తీసి పంపుతాం.

చివరికి ఈ ఫొటోలన్నీ ఎవరికి ఇవ్వాలి?

మొదట ఫొటోలో ఉన్నవాళ్ళకు. ఆరు బై నాలుగు ప్రింటు తీయించి, వెనక తేదీ, చోటు బాల్ పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో రాసి దుకాణంలో ఇచ్చి రండి. ఒక సెట్టు ఆ ఏరియా గ్రంథాలయానికి, ఒక సెట్టు దగ్గర్లోని బడికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఫొటోల జాబితా కూడా ప్రింటు తీసి అదే కవర్లో పెట్టండి.